రాయవరం నుంచి అల్మాటీకి: ఇంగ్లీషు మాస్టారి దారి

రాయవరం, పసలపూడి, చెల్లూరు, సోమేశ్వరం వైపు పరాయి దేశం అనగానే ముందు గుర్తొచ్చేది గల్ఫ్. కువైట్‌కో మస్కట్‌కో వెళ్లిన మనిషి లేని వీధి తక్కువ. ఇంగ్లీషులో ఎం.ఏ., ఆపైన బి.ఇడి. చేసి, ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠాలు చెబుతున్న పిల్లలు మాత్రం ఆ దారిలో తమకు పని లేదనుకుని ఆగిపోతున్నారు. వాళ్ల కోసమే ఈ కథనం. ఇది ఉయ్ఘుర్ల మధ్య ఇంగ్లీషు మాస్టారుగా, టీచరమ్మగా కుదురుకునే దారి.

ముందు ఏ దేశమో తేల్చుకోవాలి. ఉయ్ఘుర్లు తుర్కీ భాషా కుటుంబానికి చెందిన ముస్లింలు. వాళ్ల సొంతగడ్డ చైనాలోని షిన్‌జియాంగ్. మనవాళ్లకు అక్కడ దారి లేనట్టే. పరాయి దేశస్థుడు భాష చెప్పాలంటే అది అతని మాతృభాషే అయి ఉండాలన్నది చైనా నిబంధన. ఇంగ్లీషు విషయంలో భారత పాస్‌పోర్టు దగ్గరే ఫైలు ఆగిపోతుంది. 2017 నుంచి అక్కడ ఉయ్ఘుర్లను లక్షల సంఖ్యలో నిర్బంధ శిబిరాల్లో పెట్టారు, బళ్లలో వాళ్ల భాషను తీసేశారు. ఇవి మానవత్వంపై నేరాలు కావచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న నివేదిక ఇచ్చింది. అబ్దువెలి అయూప్ అనే భాషావేత్త అమెరికాలో చదువుకుని వెనక్కి వెళ్లి, కాష్గర్‌లో మాతృభాషలో శిశువిహార్ నడిపినందుకు 2013లో అరెస్టయ్యాడు. భాష నేర్పేవాళ్లుగా మనం మరిచిపోకూడని పేరు అది.

కాబట్టి మన దారి కజకిస్తాన్‌లోని అల్మాటీ. 1881లో రష్యా, చైనాల మధ్య ఒప్పందం జరిగాక షిన్‌జియాంగ్‌లోని ఇలీ లోయ నుంచి వేల ఉయ్ఘుర్ కుటుంబాలు ఇటు వచ్చేశాయి. 1962లో మరో అరవై వేల మందికి పైగా సరిహద్దు దాటారు. వాళ్లలో ఉయ్ఘుర్లూ కజక్‌లూ కూడా ఉన్నారు. అల్మాటీలో ఉయ్ఘుర్ నాటకశాల 1934 నుంచి నడుస్తోంది. ఊరి అంచున ద్రుజ్బా, సుల్తాన్ కుర్గాన్ లాంటి ఉయ్ఘుర్ పేటలు ఉన్నాయి. ఉయ్ఘుర్ మాధ్యమం బళ్లు ఉన్నాయి. మీకు ఉద్యోగం దొరికేది మాత్రం ఎక్కువగా ప్రైవేటు ఇంగ్లీషు కేంద్రాల్లో, ప్రైవేటు బళ్లలో. కుప్పలుగా ఖాళీలు ఉంటాయని ఆశపెట్టను. ఓపికగా పది చోట్లకు రాయాలి.

రాసే ముందే కాగితాలు సిద్ధంగా ఉండాలి. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. డిగ్రీ నన్నయ విశ్వవిద్యాలయానిదైనా, పాత ఆంధ్రా యూనివర్సిటీదైనా ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టాంపు పడాలి. భారత్, కజకిస్తాన్ రెండూ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి రాయబార కార్యాలయం చుట్టూ మళ్లీ తిరగక్కర్లేదు. బోధనలో ప్రత్యేక శిక్షణ కాగితం ఒకటి ఉంటే మంచిది. హైదరాబాద్‌లోని ఇఫ్లూ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైందే ఇంగ్లీషు టీచర్లను తయారు చేయడానికి. దాని దూరవిద్య కోర్సు మీద పెట్టే డబ్బు వృథా కాదు.

ఏజెంటు విషయంలో గల్ఫ్ నేర్పిన పాఠాలు ఇక్కడా పనికొస్తాయి. రిజిస్టరయిన ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనిపించాలి. చట్టం ప్రకారం అతను తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. కజకిస్తాన్‌కు మనవాళ్లు 14 రోజులు వీసా లేకుండా వెళ్లొచ్చు. ఇదే సందుగా చేసుకుని "ముందు విమానం ఎక్కేయండి, పర్మిట్ అక్కడ చూసుకుందాం" అనేవాడి మాట వినకండి. ఆ 14 రోజులు చూసి రావడానికే, పని చేయడానికి కాదు. మీకోసం అక్కడి అధికారుల దగ్గర పని అనుమతి తెచ్చుకోవాల్సింది యజమాని. ఆ అనుమతి, కాంట్రాక్టు చేతికొచ్చాకే పని వీసా, ఆ తర్వాతే టికెట్.

ఢిల్లీ నుంచి అల్మాటీకి విమానంలో నాలుగు గంటల లోపే. దిగాక మూడు పనిదినాల్లోగా మీరు వచ్చిన సంగతి మీకు బస ఇచ్చినవాళ్లు అక్కడి మైగ్రేషన్ పోలీసుకు తెలపాలి. తెలిపారో లేదో మీరే అడిగి తేల్చుకోండి. తర్వాత ఐఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకోవాలి. బ్యాంకు ఖాతాకు, కాస్పి యాప్‌కు, అన్నిటికీ అదే తాళంచెవి. కూరల బజారులో కూడా కాస్పిలోనే చెల్లిస్తారు. 2024 మార్చి నుంచి అక్కడి గడియారం మనకంటే అరగంటే వెనక. రాత్రి ఇంటికి ఫోను చేయడానికి లెక్కలు వేసుకోనక్కర్లేదు.

గది ఉయ్ఘుర్ పేటలోనే తీసుకోండి. సెంటరులో అపార్టుమెంటు తీసుకుంటే బడికీ గదికీ మధ్య బతుకు గడిచిపోతుంది, మనుషులు దొరకరు. పేటను మహల్లా అంటారు. దానికి యిగిత్ బేషి అనే పెద్దమనిషి ఉంటాడు. పెళ్లయినా చావయినా ఊరిని కూడగట్టేది ఆయనే. ముందు ఆయనను కలిసి మీరెవరో, ఏ పని మీద వచ్చారో చెప్పండి. ఆడవాళ్లు నెలకోసారి వంతులవారీగా ఒకరింట్లో చేరతారు. టీ తాగి, కబుర్లు చెప్పుకుని, తలా కొంత డబ్బు వేసి ఆ నెల వంతు వచ్చినామెకు ఇస్తారు. మన చీటీల లాంటిదే, పాట మాత్రం ఉండదు. టీచరమ్మలకు ఆ పిలుపు వస్తే తప్పక వెళ్లాలి. పేటలో సగం పరిచయాలు ఆ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి.

తిండికి భయపడాల్సింది లేదు. ఉయ్ఘుర్లు కారం తినే జనం. లాజా అని చేస్తారు. ఎండుమిరప పొడి, దంచిన వెల్లుల్లి, ఉప్పు గిన్నెలో వేసి, పొగలొచ్చేదాకా కాగిన నూనె దాని మీద పోస్తారు. సుయ్యిమని పొంగి, వెల్లుల్లి మాడీ మాడకుండా ఎర్రబడుతుంది. అది లగ్మన్ మీద కలుపుకుంటారు. లగ్మన్ అంటే పిండి ముద్దను నూనె రాసి తాడులా చుట్టి ఉంచి, చేతులతో సాగదీసి చేసే పోగులు. పైన మాంసం, టమాటా, క్యాప్సికం కూర. మాంసం తినని వాళ్లు వండుకోవాలి. బియ్యం, పప్పు, పెరుగు దొరుకుతాయి. చింతపండు, ఇంగువ పెట్టెలో పెట్టుకెళ్లండి. టీ పాలతో, ఉప్పుతో వస్తుంది. మొదట్లో మింగుడు పడదు, చలికాలానికి అదే కావాలనిపిస్తుంది. రొట్టెను బోర్లా పెట్టకూడదు, ముక్క కింద పడితే తొక్కకూడదు. జనవరిలో నీళ్లు గడ్డకట్టే చలి. కోటు, బూట్లు ఇక్కడ కొనకండి, అక్కడివే ఆ చలికి ఆగుతాయి.

ఇక అసలు పని, క్లాసు. నా నమ్మకం ఏమిటంటే, తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నవాడు ఉయ్ఘుర్ పిల్లలకు లండన్ నుంచి వచ్చిన టీచరు కంటే బాగా చెప్పగలడు. కారణం వాళ్ల భాష నడక. "మెక్తెప్‌కె బారిమెన్" అంటారు వాళ్లు. మెక్తెప్ బడి, కె మన కి, చివర మెన్ మన నుకారం. "బడికి వెళ్తాను" అన్న వాక్యం ముక్కకు ముక్క కూర్చున్నట్టే. క్రియ చివరకే వస్తుంది. "నిన్న వచ్చిన మాస్టారు" అన్నప్పుడు మనలాగే వచ్చిన అన్న ముక్కను మాస్టారి ముందే పెడతారు. "హ్యావ్" లాంటి క్రియ వాళ్లకూ లేదు. "నా దగ్గర పుస్తకం ఉంది" అన్నట్టే చెబుతారు. ఆర్టికల్స్ వాళ్లకూ లేవు.

అందుకే ఆ పిల్లవాడు "ఐ స్కూల్ గో" అని రాసినప్పుడు ఎక్కడ జారాడో మీకు వెంటనే తెలుస్తుంది. మీరూ ఆరో తరగతిలో అక్కడే జారారు. బోర్డు మీద వాళ్ల వాక్యం రాసి, కింద ఇంగ్లీషు వాక్యం రాసి, మాట నుంచి మాటకు బాణాలు గీయండి. చివరనున్న క్రియ ముందుకు వస్తుంది, వెనకనున్న కె ముందుకు వచ్చి "టు" అవుతుంది. ఈ బాణాల బోర్డు ఒక నెల నడిపితే వాక్యం కుదురుతుంది. మన పిల్లలకు రాని చిక్కు వాళ్లకు ఒకటుంది. అతడు, ఆమె రెండింటికీ వాళ్లకు ఒకే మాట. "హి", "షి" తారుమారు చేస్తారు. దానికి ఫొటోలు చూపించి విడిగా సాధన చేయించాలి.

ఇది చేయాలంటే మీకు వాళ్ల లిపి రావాలి. కజకిస్తాన్ ఉయ్ఘుర్లు సిరిలిక్‌లో రాస్తారు. మన గుణింతాలు దిద్దినవాళ్లకు అది లెక్కలోది కాదు, రాయవరంలోనే నేర్చుకుని బయల్దేరండి. బజారులో రష్యన్, కజక్ కూడా చెవిన పడతాయి, అంకెలు, బస్సు మాటలు పట్టుకుంటే చాలు.

ఒక్క విషయంలో మాత్రం మెలకువగా ఉండాలి. ఆ పేటలో చాలా ఇళ్లకు సరిహద్దు అవతల రక్తసంబంధీకులు ఉన్నారు. ఏళ్ల తరబడి కబురు లేనివాళ్లూ ఉన్నారు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, మీరు అడగకండి. పిల్లల ఫొటోలు, పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఇక్కడ సరదాగా పెట్టిన ఫొటో అక్కడ ఎవరి మెడకో చుట్టుకోవచ్చు.

కజకిస్తాన్‌లో బడి సెప్టెంబరు 1న తెరుస్తారు. అపోస్టిల్, పని అనుమతి, వీసా అన్నీ ఆలోగా కావాలంటే సంక్రాంతి వెళ్లగానే సర్టిఫికెట్లు బయటికి తీయండి.