పాఠం 12 : కారు వెనుక కమాన్లు మార్చడం

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు
• కమాను బలహీనపడిందని గుర్తించగలరు.
• కొత్త కమాన్లు బిగించే క్రమాన్ని వివరించగలరు.
• చివరి బిగింపు ఎప్పుడు చేయాలో కారణంతో చెప్పగలరు.

12.1 పరిచయం
లారీ వెనుక చక్రాల దగ్గర ఉక్కు పట్టీల కట్టను మీరు చూసే ఉంటారు. అదే కమాను. దీన్ని లీఫ్ స్ప్రింగ్ అని కూడా అంటారు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారుకు వెనుక ఇవే ఉండేవి. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారుకూ ఇవే. ఈ పాఠంలో ఎం.జి.బి.ని ఉదాహరణగా తీసుకుందాం.

12.2 నిర్మాణం
కమాను ముందు కొనను ఒక బోల్టు బాడీకి కలుపుతుంది. వెనుక కొన షాకిల్ అనే ఊగే లింకుకు తగిలి ఉంటుంది. బరువు పడితే కమాను చదునై పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు షాకిల్ చోటిస్తుంది. మధ్య భాగాన్ని యు-బోల్టులు ఇరుసుకు బిగించి ఉంచుతాయి. రెండు కొనల్లోనూ రబ్బరు బుష్‌లు ఉంటాయి.

12.3 గుర్తులు
కారు వెనుక భాగం దిగిపోతుంది, లేదా ఒక పక్కకు ఒరుగుతుంది. చదునైన నేలమీద కారు నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు రెండు వైపులా కొలిచి చూడండి. ఒక కమానే పాడైనా రెండూ మార్చాలి. లేకపోతే కొత్తది ఉన్న పక్క ఎత్తుగా నిలుస్తుంది.

12.4 పని క్రమం
1. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే నూనె పెట్టండి.
2. ముందు చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెట్టండి. వెనుక భాగం ఎత్తి, బాడీని గట్టి స్టాండ్లమీద నిలపండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరితే ప్రాణాలకే ముప్పు.
3. చక్రాలు తీయండి. ఇరుసుకు జాకీ ఆనించండి. ఇరుసు వేలాడితే బ్రేకు గొట్టం లాగినట్లవుతుంది.
4. ఒక్కో వైపే పని చేయండి. డాంపర్ లింకు, యు-బోల్టులు, షాకిల్, ముందు బోల్టు విప్పి పాత కమాను దింపండి.
5. కొత్త కమాను రెండు కొనలూ తగిలించి, నట్లు చేతితో మాత్రమే తిప్పి వదలండి. కమాను మధ్య బోల్టు తల దాని రంధ్రంలో కూర్చున్నాక యు-బోల్టులు బిగించి, డాంపర్ లింకు కలపండి.
6. రెండో వైపు కూడా అయ్యాక చక్రాలు తొడిగి కారు దింపండి. బరువు చక్రాలమీద పడ్డాకే ముందు బోల్టు, షాకిల్ నట్లు పూర్తిగా బిగించండి.
7. కొంత దూరం నడిపాక నట్లన్నీ మరోసారి చూడండి.

12.5 చివరి బిగింపు నేలమీదే ఎందుకు?
కారు పైకెత్తి ఉన్నప్పుడు కమాను బాగా వంగి ఉంటుంది. అప్పుడే బిగిస్తే బుష్ రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. కారు దింపగానే రబ్బరు మెలిపడుతుంది. బండి నిలిచి ఉన్నా ఆ మెలిక పోదు. కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. బరువుమీద బిగిస్తే మామూలు స్థితిలో రబ్బరుకు మెలిక ఉండదు.

పాఠ్యగత ప్రశ్న
షాకిల్ లేకుండా వెనుక కొనను నేరుగా బాడీకి బిగిస్తే ఏమవుతుంది?

జవాబు
కమాను పొడవు పెరగడానికి చోటుండదు. అది సరిగా వంగలేదు, కుదుపు నేరుగా బాడీకి చేరుతుంది.