ఫోన్ ఫ్రేమ్‌ని అద్దంలా మెరిపించొచ్చా? పాలిష్ మొదలుపెట్టే ముందు ఇది చదవండి

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఆగి ఉన్న విమానాల ఇంజన్లు గమనించారా? చాలావాటికి ముందు అంచు వెండి రింగ్‌లా మెరుస్తుంది. అది రంగు కాదు, పెయింట్ వేయని అల్యూమినియం. వాన, దుమ్ము అంత వేగంతో కొడుతుంటే అక్కడ పెయింట్ నిలవదు.

చాలా ఫోన్ల ఫ్రేమ్, ల్యాప్‌టాప్‌ల బాడీ కూడా అల్యూమినియమే. కానీ పైన యానోడైజింగ్ అనే గట్టి పొర ఉంటుంది, రంగు ఉండేది అందులోనే. అది పోకుండా ఎంత రుద్దినా అద్దం మెరుపు రాదు.

పాత ల్యాప్‌టాప్ స్టాండ్ మీద ట్రై చేయండి. 400 నంబర్ వాటర్ పేపర్ తడిపి, పొర పోయేదాకా ఒకే దిశలో రుద్దాలి. తర్వాత 800, 1500, 2000. పేపర్ మార్చినప్పుడల్లా దిశ అడ్డంగా మార్చండి. అప్పుడే పాత గీతలు మిగిలాయో లేదో తెలుస్తుంది. గీతలు ఎంత సన్నబడితే వెలుతురు అంత తిన్నగా వెనక్కొస్తుంది. అసలు పనంతా ఇక్కడే, తొందరపడితే చివర్లో ప్రతి గీతా కనిపిస్తుంది. ఆఖరున మెటల్ పాలిష్, మెత్తటి కాటన్ గుడ్డ. గుడ్డ నల్లబడితే కంగారొద్దు, ఊడొచ్చిన అల్యూమినియమే అది.

వాడుతున్న ఫోన్ మీద మాత్రం వద్దే వద్దు. తడి, పొడి పోర్టుల్లోకి వెళ్తాయి, వారంటీ కూడా పోవచ్చు. పైగా పొర లేని లోహం చేతి చెమటకే మసకబారుతుంది, మళ్లీ మళ్లీ రుద్దుతూ ఉండాలి.