పొగ పోకముందే కుంపటి లోపలికి తేకు

సిద్ధగోరా,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నేను "ఊఁ, ఊఁ" అన్నానని ఒప్పేసుకున్నాననుకున్నావేమో. నాకు సగం వినబడలేదు. టెల్కోలో ఇంజిన్ టెస్ట్ బెడ్ దగ్గర చెవుల్లో దూది పెట్టుకోమని మా ఉస్తాద్ మొత్తుకున్నా వినని తలబిరుసుకి నా ఎడమ చెవి ఇప్పుడు జరిమానా కడుతోంది. నువ్వు పెట్టేశాక మీ పెద్దమ్మ చెప్పింది, కొత్త బండికి శుక్రవారంలోగా డబ్బు కట్టేస్తావని, డీజిల్ బండికే కడతావని. అందుకే కాగితం తీశాను. రేపు నోవాముండి వస్తున్న మన వీధి కుర్రాడి చేతికిస్తాను. వాడికి టీ ఇచ్చి పంపు.

ముందే చెబుతున్నా, బండి వద్దని రాయడం లేదు. మీ అమ్మ ఆ మాటే రాయమంది. రాయను. 2019లో నిబంధన సడలించి గనుల్లో ఆడపిల్లలకి రాత్రి షిఫ్టు వచ్చినప్పుడు కూడా ఇలాగే రాయమంటే రాయలేదు. నీ జీతం, నీ బండి. ఆ ఎర్రమట్టిలో, సారండా సాలు అడవుల్లో నువ్వు తిరగాలంటే ఫోర్ బై ఫోర్ ఉండాల్సిందే. నా పేచీ ఇంజిన్‌తోనే.

"గని మొత్తం డీజిల్ మీదే నడుస్తోంది. డంపరు, డోజరు, డ్రిల్లు, ఒక్కటైనా పెట్రోలుదుందా?" అన్నావట. మంచి ప్రశ్నే. మరి ఆ డంపరు పొద్దున్న స్టార్టయితే షిఫ్టు దిగేదాకా ఆగుతుందా? ఒంటినిండా వేడెక్కి రోజంతా కొండ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నీ బండి సంగతి చెప్పు. క్వార్టర్ నుంచి గని గేటుకి 3 కిలోమీటర్లు. సాయంత్రం మళ్ళీ 3. ఆదివారం బజారు. ఇంజిన్ ఒళ్ళు వెచ్చబడేలోపు నువ్వు తాళం తీసేస్తావు. ఇక్కడికేమో రెండు నెలలకోసారి వస్తావు, అదీ మీ పెద్దమ్మ అలిగితే.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ 3 కిలోమీటర్ల గురించే. అయినా చదువు.

మా చిన్నప్పుడు ఈ బస్తీలో సాయంత్రమైతే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి ఉండేది. దాన్ని వీధిలోనే ముట్టించి, విసనకర్రతో విసిరి, పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కణకణలాడాకే మీ నానమ్మ వంటింట్లోకి తెచ్చేది. ఓసారి వానొస్తోందని మీ నాన్న సగం రాజిన కుంపటిని లోపలికి ఈడ్చుకొచ్చాడు. గోడకి పట్టిన మసి రెండు దీపావళులు సున్నం వేసినా పోలేదు. ఇప్పటి డీజిల్ బండి కథ అచ్చం ఇదే.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 పొగ నిబంధన వచ్చింది కదా. అప్పట్నుంచి డీజిల్ బండి పొగగొట్టంలో ఒక జల్లెడ పెడుతున్నారు, డీపీఎఫ్ అంటారు. పొగలోని మసిని అది పట్టేస్తుంది. పట్టిన మసి పోవాలంటే కాలాలి. అది కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి పుట్టించడానికి ఇంజిన్ తనంతట తనే మామూలు మంట అయిపోయాక ఇంకొంచెం డీజిల్ చిమ్ముతుంది. రోడ్డు మీద ఒకే ఊపున పదిహేను, ఇరవై నిమిషాలు పోతే పని పూర్తవుతుంది. మధ్యలో నువ్వు గేటు దగ్గర ఆపేశావనుకో, మసి సగమే కాలుతుంది. చిమ్మిన డీజిల్‌లో కాలని భాగం సిలిండరు గోడల మీదుగా జారి, రింగులు దాటి, కింద సంపులోని ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. జల్లెడ పూడుకుపోతుంది, ఆయిల్ పలచబడుతుంది. టర్బో బేరింగులు, క్రాంక్ బేరింగులు బతికేది ఆ ఆయిల్ మీదే.

పుస్తకంలో చదివి రాస్తున్నాననుకోకు. నేను దిగిపోయేనాటికి మన దగ్గర ఈ జల్లెళ్ళు లేవు. 2021లో మన వెనక వీధి ఆయన డీజిల్ కారు కొన్నాడు. పేరు రాయను, కంపెనీ పేరు కూడా రాయను. తప్పు బండిది కాదు, వాడకానిది. తిరిగేదంతా ఊళ్ళోనే, అగ్రికో, సాక్చి, బిష్టుపూర్, మళ్ళీ ఇల్లు. ఏడాది తిరక్కుండా డాష్‌బోర్డులో పసుప్పచ్చ లైటు వెలిగింది. సెన్సరు పోయిందన్నాడు. నేను బానెట్ ఎత్తించి, డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్ళీ పెట్టి తీశాను. ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూస్తే జిగురే లేదు, మజ్జిగ తేటలా జారిపోయింది. వాసన చూస్తే పెట్రోలు బంకు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే 1972లో నేను టెల్కోలో అప్రెంటిస్‌గా చేరిన వారంలోనే మా ఉస్తాద్ సర్దార్జీ నేర్పిన మొదటి పాఠం అది. కొత్త ఇంజిన్‌ని డైనమోమీటరుకి కట్టి నడిపే ముందు డిప్‌స్టిక్ చూడాలి, వాసన కూడా చూడాలి. ఇంజిన్ ఆయిల్ తాగుతుంది గానీ కనదు, పెరిగిందంటే అందులో ఇంకేదో కలిసిందన్నమాట అనేవాడు. తెల్లగా పాలలా ఉంటే నీళ్ళు, పలచబడి వాసనొస్తే డీజిల్. ఆయన చూడమన్నప్పుడు నేను చూసినట్టు నటించి కాగితం మీద టిక్కు పెట్టాను. ఆయన వచ్చి నా వేలు తన ముక్కు కింద పెట్టుకుని వాసన చూశాడు. ఆయిల్ వాసన లేదు. ఆ రోజు నాకు టీ లేదు. అప్పటికి మన టెల్కో ట్రక్కుల మీద జర్మన్ కంపెనీ గుర్తు మూడు మొనల నక్షత్రం పోయి మూడేళ్ళే అయింది, 1954లో మొదలైన జర్మనీ వాళ్ళ ఒప్పందం 1969తో ముగిసింది. ఆయన మాత్రం ఇంకా ఆ జర్మన్ ఇంజనీర్లు వెనక నిలబడి చూస్తున్నట్టే పనిచేసేవాడు.

ఏం చెబుతున్నాను? ఆ వెనక వీధి ఆయన. ముందు ఆయిల్ మార్పించి, మరుసటి ఆదివారం పక్కన కూర్చుని జాతీయ రహదారి మీద ఘాట్‌శిలా వైపు తోలించాను. బ్రేకు మీద కాలు పెట్టొద్దు, పైగేరులోకి తొందరపడి వెయ్యొద్దు, ఒకే వేగం అన్నాను. గాలూడి దాటాక లైటు ఆరింది. ఘాట్‌శిలాలో టీ తాగి వచ్చాం. ఇప్పుడు ప్రతి మూడో ఆదివారం కారుకి మసి కాల్చడానికి 90 కిలోమీటర్లు పోయి వస్తాడు. టీ ఖరీదు పది రూపాయలు, డీజిల్ ఎంతో లెక్క వేసుకో. నీకు ఆదివారం సెలవైనా సరిగ్గా ఉంటుందా తల్లీ? నైట్ షిఫ్టు దిగి పడుకుంటావా, బండిని షికారుకి తిప్పుతావా?

అన్నట్టు నైట్ షిఫ్టులో ఏం తింటున్నావు? బిస్కెట్లు అంటే ఊరుకోను.

ఇక నీ రెండో మాట. వాగు దాటాలంటే డీజిలే అని. ఆ మాట పుట్టింది మా తరంలోనే, పుట్టడానికి కారణమూ ఉంది. 1975 వానాకాలం. పటమ్దా దారిలో ఒక కాంట్రాక్టరు పాత పెట్రోలు జీపులో నేను, ఉస్తాద్, వెనక సామాన్ల మధ్య పన్నెండేళ్ళ మీ నాన్న. దల్మా మీద వాన పడి వాగు పొంగింది. ఉస్తాద్ దిగి ఫ్యాన్ బెల్టు వదులు చెయ్యమన్నాడు, లేకపోతే ఫ్యాను నీళ్ళు ఎత్తి ఇంజిన్ మీద కొడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టమన్నాడు. బెల్టు వదులు చేశాను, ట్యూబ్ చుట్టడం మరిచాను. సరిగ్గా నడి వాగులో జీపు తుమ్మి ఆగిపోయింది. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే లోపల నీళ్ళు. తుడవడానికి పొడిగుడ్డ ఒక్కటీ లేదు. మీ నాన్న చప్పున చొక్కా విప్పి ఇచ్చాడు, స్కూలు చొక్కా, తెల్లది. స్టార్టయింది. ఆ గ్రీజు మరక పోలేదు. అదే చొక్కాతో ఏడాదంతా బడికి వెళ్ళాడు గానీ ఎందుకైందో ఇంట్లో చెప్పలేదు, నాకు తిట్లు పడతాయని. నీ మొండితనం ఎక్కణ్ణించొచ్చిందో నాకు తెలుసులే.

అదే వాగులో మా వెనకొచ్చిన డీజిల్ ట్రక్కు ఆగకుండా దాటేసింది. స్పార్కు లేదు కనక తడిసేదేమీ లేదు. అందుకే మా తరమంతా డీజిల్ భక్తులం. కానీ ఇప్పటి పెట్రోలు ఇంజిన్లో ఆ డిస్ట్రిబ్యూటరే లేదు. ప్రతి ప్లగ్గు నెత్తిన దాని కాయిల్ దానికి బిగించి ఉంటుంది. ఈ రోజుల్లో ఇంజిన్ నీటిలో చచ్చేది ఎక్కువగా గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతేనే, అప్పుడు పెట్రోలైనా డీజిలైనా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నువ్వు చూస్తున్న థార్‌కి కంపెనీ ఇచ్చిన నీటి లోతు హద్దు 650 మిల్లీమీటర్లు, అంటే నీ మోకాలు దాటి కొంచెం. ముందు దిగి కర్రతో లోతు చూడు. కరో నది ఉధృతంగా ఉంటే వెనక్కి తిరుగు. ఏ ఇంజిన్ ఉన్నా తిరుగు.

లాగుడు శక్తి అంటావా? థార్ పెట్రోలు 2 లీటర్ల టర్బోకి 150 గుర్రాలు, మాన్యువల్‌లో 300 న్యూటన్ మీటర్ల టార్కు, ఆటోమేటిక్‌లో 320. 2.2 లీటర్ల డీజిల్‌కి 130 గుర్రాలు, అదే 300. బురదలో అడుగడుగునా పాకేటప్పుడు డీజిల్ ఇంకాస్త హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ లో రేంజి వేశాక ఆ తేడా తెలిసేంత పని నువ్వు చెయ్యవు. పెట్రోలు తాగుబోతు, అదీ ఒప్పుకుంటాను. అయితే నీ తిరుగుడుకి నెలకి మూడు వందల కిలోమీటర్లు దాటవు. 1998లో మన టెల్కో సఫారీ వచ్చినప్పుడు మేమందరం డీజిలే అన్నాం, ఎందుకంటే డీజిల్ ధర పెట్రోలు ధరలో సగం కూడా ఉండేది కాదు. 2003లో దానికి పెట్రోలు ఇంజిన్ ఇచ్చినా రోడ్డు మీద అరుదుగా కనబడేది. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధరని కూడా బజారుకి వదిలేసింది. ఇప్పుడు తేడా లీటరుకి ఐదు రూపాయల చిల్లర. డీజిల్ బండికి ముందే ఎక్కువిచ్చే సొమ్ము ఆ చిల్లరతో ఎప్పటికి తిరిగొస్తుంది?

నీకు ఐదు తలుపుల థార్ రాక్స్ మీద మనసని తెలుసు, వెనక సీట్లో మీ అమ్మ సుఖంగా కూర్చోవాలని. చిక్కేమిటంటే అందులో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఇస్తున్నారు. షోరూం అబ్బాయి అది చెప్పి నిన్ను డీజిల్ వైపు తోస్తున్నాడు. మూడు తలుపుల థార్ పెట్రోలు చూడు. లేదా జిమ్నీ చూడు. దానికి పెట్రోలు తప్ప లేదు, 105 గుర్రాలే, టార్కు 134. అంకెలు చూసి పెదవి విరవకు. బండే తేలిక, తలుపులు ఐదు. టెల్కో అన్నం తిన్నవాణ్ణి, వేరే కంపెనీల బండ్లు సిఫారసు చేస్తున్నానని మా సూర్యమందిర్ వాకింగ్ బృందానికి తెలిస్తే నాకు బెంచీ మీద చోటివ్వరు.

రేపు నీకు బదిలీ అయి రోజుకి అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరగాల్సొస్తే ఈ ఉత్తరం చింపేసి డీజిల్ కొనుక్కో, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను. ఇప్పుడే డీజిల్ అని మొండికేస్తే మాత్రం రెండు పనులు చెయ్యి. చలికాలం పొద్దున్నే వేడెక్కాలని ఇంటి ముందు పది నిమిషాలు స్టార్టు చేసి ఉంచకు, అలా నిలబెట్టి నడిపితే మసి ఇంకా పేరుకుంటుంది. ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ తీసి ఫొటో పంపు. వాసన చూశానని రాస్తే నమ్మను, నేనూ ఒకప్పుడు టిక్కు పెట్టినవాణ్ణే.

శుక్రవారం సంతకం చెయ్యకు. గురువారం బర్బిల్ జనశతాబ్దిలో నేనే వస్తున్నాను. రెండు బండ్లూ నడిపి చూద్దాం, ముందు సీటు నాది, కుడి చెవి నీ వైపు ఉంటుంది. మీ పెద్దమ్మ ఆవకాయ సీసా, నాలుగు కిలోల బియ్యం కడుతోంది, అక్కడ బియ్యం దొరకవన్నట్టు. స్టేషన్‌కి ఆ రోజుకి ఎవరి బండైనా అడిగి తీసుకురా. ఏ బండైనా పర్వాలేదు. నేను దిగగానే బానెట్ ఎత్తమంటే మాత్రం విసుక్కోకు.

నీ
పెదనాన్న