ఊరిని పచ్చబరిచే చేతులు: మడికొండ, గంగదేవిపల్లి

ఎక్కడ అడుగుతారు?

పంచాయతీ కార్యదర్శి, గ్రూప్స్ పరీక్షలకు చదివేవారు ‘పర్యావరణ పరిరక్షణలో ప్రజల భాగస్వామ్యం’ అంశాన్ని వదిలిపెట్టకూడదు. చాలా జవాబులు రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారంతో మొదలై, ఎన్ని కోట్ల మొక్కలు నాటారో చెప్పి ఆగిపోతాయి. వానాకాలంలో నాటిన మొక్కకు ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఎవరు పోస్తారన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు రాయగలిగితేనే విషయం అర్థమైనట్టు.

మడికొండ ఎందుకు మంచి ఉదాహరణ?

హనుమకొండ జిల్లా కాజీపేట మండలంలోని మడికొండ హైదరాబాద్ రహదారి మీద, మెట్టుగుట్ట నీడలో ఉన్న పాత ఊరు. ఇప్పుడది వరంగల్ నగరంలో కలిసిన విలీన గ్రామం. నగరపాలక సంస్థకు 2015లో గ్రేటర్ హోదా వచ్చింది. ఊరి పక్కన ఐటీ టవర్లు లేచాయి. నగరం చెత్త చేరే డంపింగ్ యార్డు కూడా దగ్గర్లోనే, రాంపూర్ వైపు ఉంది. మడికొండ, రాంపూర్ వాసులకు పచ్చదనం అందం కోసం అడిగేది కాదు, గాలి కోసం అడిగేది.

పరీక్షార్థి గమనించాల్సిన మెలిక ఇక్కడే ఉంది. జనం దీన్ని ఊరనే అంటారు గాని చట్టం దృష్టిలో ఇది నగరంలో భాగం. పంచాయతీరాజ్ చట్టం–2018 ఇక్కడ వర్తించదు. తెలంగాణ పురపాలక చట్టం–2019 వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలి. శ్రమదానానికి ముందుకొచ్చే కుర్రాళ్లు ఈ కమిటీల్లో చోటు అడగాలి. అప్పుడే వాళ్ల చీపురుకు, పారకు బడ్జెట్ తోడవుతుంది.

రాజ్యాంగం, చట్టాలు

1976 నాటి 42వ సవరణతో 48ఎ (రాజ్యం బాధ్యత), 51ఎ(జి) (పౌరుని ప్రాథమిక విధి) అధికరణలు చేరాయి. 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో సామాజిక అడవుల పెంపకం ఒకటి. పట్టణ అడవుల పెంపకం, పర్యావరణ రక్షణ 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో ఉన్నాయి.

2015 జులైలో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. 2018, 2019 చట్టాలు రెండూ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని నిర్దేశించాయి. లేకపోతే బాధ్యులైన ప్రజాప్రతినిధి పదవికే ఎసరు. నా దృష్టిలో ఈ మొత్తంలో విలువైన అంకె ఆ 85. నాటిన లెక్క అడగడం మాని బతికిన లెక్క అడిగింది అదొక్కటే.

గంగదేవిపల్లి నేర్పిన పద్ధతి

వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి ఒకప్పుడు మాచాపూర్‌కు శివారు పల్లె. ప్రత్యేక పంచాయతీ అయ్యాక 1995లో ఏర్పడ్డ తొలి పాలకవర్గంలో అందరూ మహిళలే. ఆ తర్వాత సర్పంచ్‌గా కూసం రాజమౌళి పేరు రాష్ట్రమంతా వినిపించింది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం దక్కింది.

ఊరి పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో కమిటీ చేతిలో పెట్టారు. తాగునీటికి ఒకటి, పారిశుద్ధ్యానికి ఒకటి, మద్యనిషేధానికి మరొకటి. కేబుల్ టీవీకి సైతం కమిటీ ఉంది. ఖర్చులో కొంత ఊరివాళ్లే వేసుకున్నారు, శ్రమదానం చేశారు. కాజీపేట కేంద్రంగా పనిచేసే బాలవికాస సంస్థ తోడ్పాటుతో శుద్ధజల కేంద్రం వచ్చింది. సొంత డబ్బు, సొంత చెమట కలిసిన దాన్ని ఎవరూ పాడు కానివ్వరు. ‘అందరి పని’ అని వదిలేస్తే ఎవరి పనీ కాకుండా పోతుంది. గంగదేవిపల్లి ఆ చిక్కును పేర్లు రాసి విప్పింది: ఫలానా పనికి ఫలానా వాళ్లు.

ఈ పద్ధతి మడికొండ బజార్లకు సరిపోతుంది. బజారుకు ఇన్ని మొక్కలు, వాటికి ఫలానా ఇళ్లు. వేసవి మూడు నెలలు వంతులవారీగా బిందె నీళ్లు, మేకలు ముట్టకుండా ముళ్లకంచె. త్వరగా పచ్చగా కనిపిస్తుందని ఒకప్పుడు విరివిగా నాటిన కోనోకార్పస్ వద్దు. వేప, కానుగ, నేరేడు, చింత ఈ నేలకు అలవాటైన చెట్లు. తడి, పొడి చెత్తను ఇంట్లోనే వేరుచేస్తే డంపింగ్ యార్డుకు పోయే బరువు తగ్గుతుంది, తడి చెత్త ఎరువై ఈ మొక్కలకే వస్తుంది.

పోల్చి రాయడానికి

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన ‘వనజీవి’ దరిపల్లి రామయ్య (2017 పద్మశ్రీ, 2025లో మరణం) ఒంటరి కృషికి నిదర్శనం. సామూహిక కృషికి కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమం ఉంది. అక్కడ పల్లె మహిళలు నారు పెంచి నాటితే, బతికిన మొక్కకు చిన్న మొత్తం ఇచ్చేవారు. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి లభించింది.

సాధన ప్రశ్న

నగరంలో విలీనమైన గ్రామంలో పచ్చదనం పెంచడానికి స్వచ్ఛంద బృందాలు, వార్డు కమిటీలు కలిసి ఎలా పనిచేయాలి? గంగదేవిపల్లి అనుభవం ఆధారంగా చర్చించండి.