దక్షిణాఫ్రికా ప్రాజెక్టుకు వెళ్తున్న మేనల్లుడికి

విజయవాడ నుంచి దక్షిణాఫ్రికా ప్రాజెక్టుకు వెళ్లేవాడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఏ దేశంలో, ఏ హోదాలో పనిచేయాలన్నది. ఆఫీసు జొహానెస్‌బర్గ్‌లో ఉండి, సైటు జాంబియాలోనో మొజాంబిక్‌లోనో ఉండడం మామూలే. ఆ దేశాలన్నిటికీ కలిపి పని చేసుకోనిచ్చే వీసా ఏదీ లేదు. దక్షిణాఫ్రికాలో 90 రోజుల్లోపు పనికి, పని చేయడానికి అనుమతి రాసి ఉన్న విజిటర్ వీసా ఉంటుంది. అంతకు మించితే వర్క్ వీసా కావాలి. కంపెనీ తన ఉద్యోగిని అక్కడి శాఖకు పంపితే ఇచ్చే వీసా నాలుగేళ్లకు మించదు, పొడిగించరు. ‘ముందు టూరిస్టు వీసా మీద రా, తర్వాత చూద్దాం’ అనే ఏజెంటు మాట వినకూడదు. పట్టుబడితే వెనక్కి వచ్చేది ఏజెంటు కాదు.

గల్ఫ్‌కు వెళ్లేవారిలో పదో తరగతి పాసు కానివారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ నిబంధన వర్తించే 18 దేశాల జాబితాలో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న దేశమేదీ లేదు. అంటే దక్షిణాఫ్రికా కాంట్రాక్టును ప్రభుత్వం తరఫున ముందుగా చదివిపెట్టేవారు ఉండరు. జీతం ఏ కరెన్సీలో, ఎవరు ఇస్తారు, తిరుగు టికెట్టు ఎవరిది, జబ్బు చేస్తే మరో దేశానికి తరలించే ఖర్చు బీమాలో ఉందా లేదా అన్నవి సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు ఉండాలని దక్షిణాఫ్రికా కచ్చితంగా అడుగుతుంది.

రోహిణీ కార్తె ఎండలో గన్నవరంలో విమానమెక్కినవాడికి జొహానెస్‌బర్గ్‌లో చలికాలం ఎదురవుతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జూలై రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగుతుంది. ఇళ్లలో హీటింగ్ అంతంతమాత్రం. ఉన్ని బట్టలు డెల్టాలో కొనడం కష్టం కాబట్టి ఒక జాకెట్టు మాత్రం తీసుకెళ్లి, మిగతావి అక్కడే కొనుక్కోవడం మేలు. గడియారం మన కన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంటివాళ్లు రాత్రి పదింటికి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర.

ఆరోగ్యం దగ్గర ఏమరుపాటు పనికిరాదు. జొహానెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్‌లలో మలేరియా లేదు. లింపోపో, ఎంపుమలంగా పల్లపు ప్రాంతాల్లోనూ, జాంబియా, మొజాంబిక్‌లలోనూ ఉంది, అదీ ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం. సైటు అటువైపైతే బయల్దేరేముందే డాక్టరు చెప్పిన నివారణ మాత్రలు మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లు మానకూడదు. ఇంటికొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే బెజవాడ డాక్టరు డెంగీ, టైఫాయిడ్ అనుకునే వీలుంది. ఆఫ్రికా వెళ్లొచ్చిన సంగతి మొదటి మాటగా చెప్పాలి. విమానం అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తే పసుపు జ్వరం టీకా సంగతి చూసుకోవాలి. అక్కడ 12 గంటలకు మించి ఆగినవారిని దక్షిణాఫ్రికా టీకా కార్డు అడుగుతుంది. టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి. విశాఖ పోర్టు ఆరోగ్య కార్యాలయంలోనూ, హైదరాబాదు నారాయణగూడ ఐపీఎంలోనూ వేస్తారు.

దక్షిణాఫ్రికా ర్యాండ్ నమీబియా, లెసోతో, ఎస్వాతినిలలో కూడా చెల్లుతుంది. బోట్స్వానాలో పులా వేరు. మనింట్లో ఏసీకి పెట్టే లావాటి మూడు పిన్నుల ప్లగ్గు లాంటిదే దక్షిణాఫ్రికా పాత సాకెట్లకు సరిపోతుంది. ఆవకాయ బాగా కట్టి పెట్టెలో వేసుకోవచ్చు. విత్తనాలు, కరివేపాకు మొక్క, మాంసం మాత్రం అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. బియ్యం, పప్పులు, మిరపపొడి డర్బన్‌లో కావలసినన్ని దొరుకుతాయి.

డర్బన్‌కు తెలుగువారు కొత్త కాదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి 342 మందితో నాటాల్ రేవుకు చేరింది. 1911లో ఆ వలస ఆగేలోగా లక్షన్నరకు పైగా జనం చెరకు తోటలకు వెళ్లారు, వారిలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లే. వాళ్ల సంతతి 1931లో ఆంధ్ర మహాసభను పెట్టుకుంది. నేటి తరం ఇంటిలో మాట్లాడేది ఇంగ్లిషు. నైడూ, రెడ్డి అన్న పేరు కనిపించగానే తెలుగులో మొదలుపెట్టడం, బెజవాడ అలవాటు కొద్దీ ‘మీరేమిట్లు?’ అని కులం ఆరా తీయడం రెండూ తప్పే. ఆ పేర్లు తరాలు మారుతూ స్థిరపడ్డవి, కులానికి గుర్తు కావు.

పనిలో తోటివారిని ముందు పలకరించి, బాగోగులు అడిగి, తర్వాతే పని మాటెత్తడం అక్కడి మర్యాద. చీకటి పడ్డాక జొహానెస్‌బర్గ్‌లో కాలినడకన తిరగకూడదు. రోడ్డు మీద ఫోను బయటికి తీయకూడదు. భారత హైకమిషన్ ప్రిటోరియాలో, కాన్సులేట్లు జొహానెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్‌లలో ఉన్నాయి. చేరిన వారంలోపు పేరు నమోదు చేయించుకుని, పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టుల నకళ్లు ఒక జత విజయవాడ ఇంట్లో ఉంచాలి.