రేవులో సముద్ర సింహం

మెరీనా అనగానే మనకు చెన్నై బీచి గుర్తుకొస్తుంది. విహార పడవలను, చేపల పడవలను వరుసగా కట్టి ఉంచే రేవును కూడా మెరీనా అంటారు. అక్కడ చేపల వ్యర్థాలు ఉంటాయి, సరదాగా తిండి విసిరే జనం ఉంటారు. కాబట్టి అడవి జంతువులూ వస్తాయి.

2017 మే 20న కెనడాలోని వాంకూవర్ పక్కన, స్టీవ్‌స్టన్ రేవులో జరిగిన సంఘటన చూడండి. చెక్కల వంతెన దగ్గర నీళ్ళలో ఒక సముద్ర సింహం ఈదుతోంది. ఎవరో రొట్టె ముక్కలు వేశారు. అది ఒకసారి పైకి లేచి ఒక చిన్న పాప ముఖం దాకా వచ్చింది. అందరూ నవ్వారు. పాప వెనక్కి తిరిగి అంచున కూర్చుంది. అంతే, గౌను పట్టుకుని నీళ్ళలోకి లాగేసింది! ఇంటి మనిషి ఒకరు వెంటనే దూకి పాపను పైకి తెచ్చారు. గౌను అంచును తిండి అనుకుని ఉంటుందని నిపుణులు చెప్పారు. మగ సముద్ర సింహం 300 కిలోలు దాటి పెరుగుతుంది. అది ఆడుకున్నా మనకు ప్రమాదమే.

ఇది చదివినప్పుడు మాకు ఇంటర్ రోజుల్లో మెస్ వెనుక కోతులు గుర్తొచ్చాయి. అరటిపండ్లు విసిరి నవ్వింది మేమే. నెల తిరగకుండానే అవి చేతిలో పళ్ళేన్ని లాక్కోవడం మొదలుపెట్టాయి. చివరికి కరిచింది మాత్రం ఎన్నడూ పండు వేయని ఆరో తరగతి తమ్ముణ్ణి. సూదుల కోసం వాణ్ణి బస్సులో ఆస్పత్రికి తిప్పింది కూడా మేమే.

పాప గాయం చిన్నదే. అయినా ముందుజాగ్రత్తగా మందులు ఇచ్చారు. సీళ్ళు, సముద్ర సింహాల నోటిలో ఉండే మైకోప్లాస్మా వల్ల ‘సీల్ ఫింగర్’ అనే జబ్బు రావచ్చు. వేలు వాచి, కీళ్ళు పాడవుతాయి. వెనుకటి రోజుల్లో సీళ్ళ వేటగాళ్ళకు వేళ్ళు తీసేయాల్సి వచ్చేది. పెన్సిలిన్ కణకవచం మీద దెబ్బ తీస్తుంది. మైకోప్లాస్మాకు కణకవచమే లేదు! (పరీక్షల్లో అడిగే ప్రశ్నే ఇది.) అందుకే టెట్రాసైక్లిన్ వాడతారు. ఏ జంతువు కరిచిందో డాక్టరుకు చెప్పకపోతే మందు తప్పే అవకాశం ఉంది.

అన్నిసార్లూ తప్పు తిండిదే కాదు. సముద్రంలో కొన్ని నాచుమొక్కలు డొమోయిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేస్తాయి. ఆ నాచును తిన్న చిన్న చేపల ద్వారా విషం సముద్ర సింహాల మెదడుకు చేరుతుంది. మూర్ఛలు వస్తాయి, దగ్గరికెళితే కరుస్తాయి. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో 2023లోనూ, 2025లోనూ ఇలాగే జనం గాయపడ్డారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని పియర్ 39 రేవులో మరో దారి పట్టారు. 1990 ప్రాంతంలో సముద్ర సింహాలు వందలుగా వచ్చి పడవల తెప్పలెక్కాయి. వాటిని తరమలేదు, పడవలనే పక్కకు జరిపారు. జనం పైనుంచి, కమ్మీల వెనుక నిలబడి చూస్తారు. అమెరికాలో వీటికి కనీసం 45 మీటర్ల దూరంలో ఉండాలంటారు. సుమారుగా మన మెస్ గుమ్మం నుంచి గేటు దాకా.