శుభలేఖల వస్తాదులు

చెరకు గానుగలాడే రోజులు. ఒక సాయంత్రం చీడికాడ నుంచి ఒక తండ్రి మా ఇంటికొచ్చారు. చేతుల మీద ఇంకా బెల్లం పాకం వాసన. గుడ్డసంచీలోంచి ఒక లెక్కల నోటుబుక్కు, దారంతో కట్టిన అట్టముక్కల దొంతర, ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతపిక్కలు తీసి బల్లమీద పెట్టారు.

“మాస్టారూ, మా గుంటడు పేకలు సేత్తన్నాడండి” అన్నారు. పేక అనేటప్పుడు ఆయన గొంతు తగ్గింది, పెద్ద రోగం పేరు చెప్పినట్టు.

ఆ భయం ఉత్తది కాదు. మన ఊళ్ళలో పేకముక్క అంటే అమ్మేసిన పొలం, తాకట్టులో ఉన్న పుస్తె. ఫోన్లోకి వచ్చాక అదే ముక్క చప్పుడు చెయ్యకుండా కొంపలు ముంచింది. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీనీ పోకర్‌నీ నిషేధించాల్సి వచ్చింది. పైగా ఆ అట్టలమీద కండలు తిరిగిన మనుషులు. పేకా, కొట్లాటా రెండూ ఒకే దొంతరలో కనబడితే ఏ తండ్రికి నిద్ర పడుతుంది?

దొంతర విప్పాను. పెళ్ళి శుభలేఖలు కత్తిరించి చేసిన ముక్కలు. ఒకదాని వెనకాల సగం ముహూర్తం, సగం పెళ్ళికూతురి పేరు అలాగే ఉన్నాయి. ముందువైపు బాల్‌పెన్నుతో గీసిన వస్తాదు. పేరు బెల్లం భీముడు. ఎత్తు 7 అడుగులు, బరువు 180 కిలోలు, ఊరు అనకాపల్లి, ఇష్టమైన తిండి మాడుగుల హల్వా. ఆఖరి పట్టు: గానుగ తిప్పుడు. రెండోవాడు కోణం మొసలి. కోణం రిజర్వాయరులో ఉంటాడు, శనివారం మాత్రమే పైకొస్తాడు. ఇలా మొత్తం ఆరుగురు. నోటుబుక్కులో ఎవరు ఎవరితో ఏ వారం తలపడాలి, ఎవరు గెలిచారు, పట్టీ ఇప్పుడు ఎవరి నడుముకి ఉంది, అన్నీ గీతలు కొట్టి రాసి ఉన్నాయి.

ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. భీముడికీ మొసలికీ పోటీ. ఫలితం రాసినచోట కాగితం చిల్లు పడేదాకా రబ్బరుతో చెరిపేశాడు. ఆ చిల్లు పక్కనే మళ్ళీ అదే ఫలితం రాసుకున్నాడు. భీముడు ఓడిపోయాడు.

ఆయన ముందు ఆ పేజీ పెట్టి, “మీవాడికి అందరికంటే ఇష్టమైనవాడు భీముడే కదా?” అని అడిగాను. అవునన్నారు. గదిలో ఒక్కడే ఉన్నాడు, చూసేవాళ్ళు లేరు, పోటీ తేల్చే పిక్కలు ఎలా పడ్డాయో ఎవరికీ తెలీదు. చెరిపేసి గెలిచాడని రాసుకుంటే అడిగేవాడెవడు? రాయాలనుకున్నాడు, రాయలేకపోయాడు. ఆ చిల్లు దగ్గర ఎంతసేపు కూర్చున్నాడో మనకి తెలీదు. ఇంత పని మనం బెత్తంతో చేయించగలమా?

ఈ పిచ్చి మనవాడొక్కడిదే కాదు. 1986లో అమెరికాలో టామ్ ఫిల్సింగర్ అనే ఆయన ‘ఛాంపియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ అని ఒక ఆట తెచ్చారు. ఎప్పుడో రాబోయే కాలంలో, నక్షత్రాల మధ్య కుస్తీలు పట్టే వస్తాదులు. ఒక్కొక్కరికీ ఒక కార్డు. పాచికలు వేస్తే ఏ పట్టు పడిందో కార్డులో చూసుకోవాలి. ఎవరిని ఎవరితో తలపెట్టాలో, ఎవరి పగ ఎన్నాళ్ళు సాగాలో ఆడేవాడే చూసుకోవాలి. ఇలాంటి సొంత లీగుల్ని పెద్దయ్యాక కూడా నడుపుకునేవాళ్ళున్నారు. అంత దూరం ఎందుకు? మీలో కొందరు చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఆడే ఉంటారు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. అండర్‌టేకర్ చేతికొస్తే ఆ రోజు పండగే. కాకపోతే ట్రంప్ కార్డుల్లో అంకె పెద్దదైతే ఆట తేలిపోతుంది. లీగులో అలా కాదు, ఓడినవాడికి వచ్చే వారం మళ్ళీ వంతు ఉంటుంది. పిల్లాడిని కట్టిపడేసేది ఆ వచ్చే వారమే.

“టీవీ కుస్తీ అంతా దొంగాటరా, ముందే అనుకుని కొట్టుకుంటారు” అని కొందరు నాన్నలు నవ్వేస్తారు. నిజమే. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీవాళ్ళే న్యూజెర్సీ చట్టసభ ముందు ఇది పోటీ కాదు, వినోదమేనని ఒప్పుకున్నారు. పిల్లలకీ ఆ సంగతి మనం అనుకునేదానికంటే ముందే తెలుస్తుంది. కీచకుడు చస్తాడని తెలిసే కదా మనం తెల్లవార్లూ చాపల మీద కూర్చుని నాటకాలు చూశాం! విరాట పర్వంలో భీముడు వంటవాడు వలలుడి వేషంలో ఉండి జీమూతుడనే మల్లుణ్ణి గోదాలో పడగొడతాడు. అసలు పేరు దాచుకుని బరిలో దిగిన మొనగాడి కథలు మనకి కొత్తా? నవ్వకండి. ఆ నవ్వుతో పిల్లాడికి అర్థమయ్యేది కుస్తీ అబద్ధమని కాదు, తను మనసు పెట్టిన పని నాన్నకి ఆనదని.

ఇక అసలు సంగతి. ఇంట్లో ఇలాంటి లీగు మొదలైతే, లేదా మొదలుపెడతానని పిల్లలు అడిగితే, ఏమివ్వాలి?

కొని ఇవ్వాల్సింది దాదాపు ఏమీ లేదు. ఆట కొనడం తప్పని కాదు గాని, ముందు శుభలేఖలు అరిగిపోనివ్వండి. ఆరుగురు వస్తాదులు చాలు. ప్రతివాడూ ప్రతివాడితో ఒక్కసారి తలపడితే 15 పోటీలవుతాయి, శనివారానికి మూడు చొప్పున అయిదు వారాలు. ఎనిమిదిమందిని పెడితే 28 అవుతాయి. చిన్న పిల్లలు అక్కడ అలసిపోయి మధ్యలో వదిలేస్తారు, మనం “ఏదీ పూర్తి చెయ్యవు” అని ఒక మాట అంటాం, అది ఇంకో గొడవ.

ఈ గుంటడి పద్ధతి నాకు భలే నచ్చింది. అష్టాచెమ్మా లెక్కనే కుస్తీకి తెచ్చాడు. ఒక్కో వస్తాదుకి 20 ‘ఊపిరి’. నాలుగు పిక్కలు వేస్తే ఎన్ని తెల్లగా పడితే ఎదుటివాడికి అంత ఊపిరి పోతుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లాపడితే అష్టా, ఎనిమిది. అదే ఆఖరి పట్టు. ఊపిరి ముందు అయిపోయినవాడు ఓడినట్టు. పిక్కలు సమంగా అరిగి ఉంటే పదహారు రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడే దారులు ఆరు, ఒకటికి నాలుగు, మూడుకి నాలుగు, చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. సగటున ఒక్కో వేతకి రెండున్నర ఊపిరి పోతుంది, అంటే తలా ఎనిమిది వేతల దగ్గర పోటీ తేలుతుంది. ఇది నేను వేసిన లెక్క. వాడు లెక్కెయ్యలేదు, ఆడి ఆడి 20 దగ్గర ఆగాడు. 10 పెడితే తొందరగా అయిపోతోందట, 50 పెడితే చెల్లి లేచి వెళ్ళిపోతోందట.

ఇక్కడ మనలాంటివాళ్ళం ఒక పొరపాటు చేస్తాం. పదహారు, ఆరు, నాలుగు అని వినగానే ప్రేమ పొంగుకొచ్చి, “చూశావా, ఇది లెక్కల్లో వచ్చే సంభావ్యత, రా చెబుతాను” అని పుస్తకం లాక్కుంటాం. నేనూ ఆ తప్పు చెయ్యబోయాను, నాలుక కరుచుకున్నాను. ఆటలోకి పాఠాన్ని తోస్తే పాఠం అబ్బదు, ఆటా మిగలదు. వాడే వచ్చి “అష్టా ఎందుకు తక్కువ పడుతుంది?” అని అడిగిన రోజు చెబుదాం.

అంతగా ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే కథ ఇవ్వండి. మన ఉత్తరాంధ్రవాడే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి గురించి చెప్పండి. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కసు పెట్టి, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు. జనం కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. వారం తిరక్కుండా దొంతరలో ఏడో ముక్క చేరుతుందో లేదో చూడండి.

ఊహల్లో ఇంతసేపు ఉంటే పిల్లాడు ఏమైపోతాడో అని తల్లులు అడుగుతారు. 1826లో ఇంగ్లండులో బ్రాంటీ అనే పాదిరీ తన కొడుక్కి ఒక పెట్టెడు కొయ్య సిపాయిల్ని తెచ్చిచ్చాడు. కొడుకూ, అక్కచెల్లెళ్ళూ తలొక సిపాయిని పట్టుకుని పేర్లు పెట్టి, వాళ్ళకి రాజ్యాలు కట్టి, అరచేతిలో సగం లేని పుస్తకాల్లో ఏళ్ళ తరబడి చరిత్రలు రాశారు. ఆ ఆడపిల్లల్లో షార్లెట్ ‘జేన్ ఐర్’ రాసింది, ఎమిలీ ‘వదరింగ్ హైట్స్’ రాసింది. ఇక్కడిదాకా చెప్పి ఆపితే మీకు హాయిగా ఉంటుంది. కానీ సిపాయిలు ఎవరికోసం వచ్చాయో ఆ బ్రాన్‌వెల్ తాగుడుకీ నల్లమందుకీ చిక్కి 31 ఏళ్ళకే పోయాడు. ఒకే పెట్టె, ఒకే ఇల్లు. ఆట పిల్లల్ని రచయితల్నీ చెయ్యదు, పాడూ చెయ్యదు. వాళ్ళ లోపల ఉన్నది మనకి కాస్త కనిపించనిస్తుంది, అంతే. ఆ కాస్తా చూడాల్సింది మనం.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, తొంభైలలో, క్లాసులో ఒక పిల్లాడి దగ్గర ట్రంప్ కార్డులు దొరికితే లాక్కుని బీరువాలో పడేశాను. ఏడాది చివర ఇచ్చేద్దామనుకున్నాను. మరిచిపోయాను. ఆ పిల్లాడు వేరే ఊరు వెళ్ళిపోయాక ఎప్పుడో బీరువా సర్దుతుంటే ఆ దొంతర దొరికింది. రబ్బరు బ్యాండు విప్పితే అచ్చు కార్డుల మధ్య చేత్తో చేసిన ముక్క ఒకటి ఉంది. దానిమీద వాడి పేరే. ఎత్తు, బరువు 31 కిలోలు, ఛాతీ, అన్నీ వరసగా రాసుకున్నాడు. కిందన రెండు గళ్ళు. పోరాడినవి: 7. గెలిచినవి: 0.

ఏడుసార్లు వాణ్ణి ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలీదు. ముక్క నా బీరువాలోనే ఉంది ఏడాది పొడుగునా. అడగలేదు.

అందుకని చెబుతున్నాను, లాక్కోకండి. అలాగని వాడు నిద్రపోయాక దొంగచాటుగా చదవకండి కూడా. ఒకసారి తెలిసిందంటే ఆ పుస్తకం ఇంట్లో ఎక్కడా కనబడదు. పక్కన కూర్చుని “ఈ మొసలికి అంత కోపం ఎందుకురా?” అని అడగండి. వస్తాదు గురించి అడిగితే చెప్పే జవాబు తన గురించి అడిగితే చెప్పరు. ఒకే వస్తాదు వారం వారం తన్నులు తింటున్నా, వాడి పేరు క్లాసులో ఎవరిదో పేరులా వినిపించినా, సాయంత్రం వీధిలోకి వెళ్ళే పిల్లాడు మానేసి గోదా ముందే కూర్చుంటున్నా, తిండీ నిద్రా తగ్గినా, అప్పుడు తేల్చుకోవాల్సింది ఆటని కాదు. బడికి వెళ్ళి మాట్లాడాలి. అవసరమైతే డాక్టరు దగ్గరికి కూడా.

రెండు విషయాల్లో మాత్రం మెత్తబడకండి. ఒకటి, పందెం. రూపాయి కాదు, గోళీ కూడా పెట్టకూడదు. ఎందుకో ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి, ఊళ్ళో పేకాటకి చితికిన ఇల్లు వాళ్ళూ చూసే ఉంటారు. రెండు, అట్టమీది పట్టు ఒంటిమీదికి రాకూడదు. టీవీలో ఆ పట్లు పట్టేవాళ్ళు పడటం నేర్చుకోడానికే ఏళ్ళు పెట్టినవాళ్ళు, అయినా మెడలు విరిగినవాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు. పరుపు వేసినా, గడ్డివాము మీదైనా మెడకి రక్షణ లేదు. మెడ పట్టడం, తలకిందులుగా ఎత్తడం ఎంత సరదాకైనా వద్దు. తలమీద పడి స్పృహ తప్పినా, వాంతులవుతున్నా, మత్తుగా ఉన్నా, చేతులో కాళ్ళో తిమ్మిరి అంటున్నా తెల్లారనిద్దాం అనుకోకండి. మెడ కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆ తండ్రి అన్నీ విని పిక్కలు సంచీలో వేసుకున్నారు. “మరి నేనేటి సెయ్యాలండి?” అన్నారు. ఒక శుభలేఖ ఇచ్చి, వస్తాదుని ఒకణ్ణి తయారు చేసుకుని లీగులో చేర్చుకోమని మీ అబ్బాయిని అడగండి అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు, పొలం బేరంలో కూడా అంత ఆలోచించి ఉండరు. పెనం పహిల్వాన్ అని పేరు పెట్టారు.

పదిహేను రోజులకి సంతలో కనబడితే అడిగాను. మొదటి పోటీలోనే పహిల్వాన్ ఓడిపోయాడట, చెల్లి వస్తాదు చేతిలో. “మళ్ళీ నాకెప్పుడురా?” అంటే కొడుకు నోటుబుక్కు తిరగేసి, వేలితో వరస చూసి, “వచ్చే శనివారం ఖాళీ లేదు నాన్నా, ఆపై వారం” అన్నాడట.